గేర్‌బాక్స్ మూత మీది నంబరు

“ఆ కారు నకిలీదైతే మా అమ్మాయి పోయినట్టే,” అన్నాడు చీఫ్. “అసలుదైతే...”

వాక్యం అక్కడే ఆగిపోయింది. ఎదురుగా కూర్చున్న ఏజెంటుకు దాని చివర తెలుసు. సర్వీసులో అతన్ని లెన్స్ అంటారు. చీఫ్‌కి అతను అల్లుడు.

అతని భార్యా ఏజెంటే. ఒక విదేశీ ముఠాలో దూరి పనిచేస్తూ, తన పాత ఎర్ర స్పోర్ట్స్ కారుతో సహా లోయలో పడి కాలిపోయిందన్నారు. గుర్తుపట్టడానికి మిగిలింది ఛాసిస్ ప్లేటు మీది నంబరొక్కటే. రెండేళ్ళుగా మామా అల్లుళ్ళిద్దరూ ఆ నంబరును నమ్ముకుని ఏడ్చారు. ఇప్పుడు అదే నంబరున్న ఎర్ర కారు రేవు పక్క షెడ్డులో ఉంది, ఓడెక్కడానికి సిద్ధంగా.

“ప్లేటుదేముంది, ఎవరైనా కొట్టించొచ్చు,” అన్నాడు చీఫ్. “రెండింట్లో ఏది దొంగదో తేలాలి. ఇక మిషన్ విను. మన జలాంతర్గాముల సోనార్ చిప్ పోయింది. ఆ కారులోనే ఎక్కడో దాచారు. దాడి చేసి విప్పుదామంటే, లోపల మీట నొక్కి దాన్ని కరిగించేస్తారు. పోయినసారి అదే జరిగింది. ఓడెక్కేముందు ఇన్సూరెన్స్ మనిషి వచ్చి పార్టుల నంబర్లు తనిఖీ చెయ్యాలి. ఆ మనిషివి నువ్వు. చిప్ ఎక్కడుందో తెలియగానే ‘పెయింటు ఆరలేదు’ అను. మనవాళ్ళు లోపలికొస్తారు.”

“మామయ్యా, అది నకిలీదని చెప్పాలనుంది.”

“నాకూ అదే వినాలనుంది, బాబూ. కానీ ఉన్నది చెప్పు.”

షెడ్డులో థిన్నర్ వాసన ముక్కు పగలగొడుతోంది. ముఖానికి పెయింటర్ల మాస్కు కట్టుకోవడానికి అంతకన్నా మంచి సాకు దొరకదు. తలకు తెల్లరంగు, కళ్ళకు అద్దాలు, భుజాన టూల్ బ్యాగు, చేతిలో భూతద్దం. దాని పిడిలో మైకు ఉంది.

“రండి డాక్టరుగారూ!” అన్నాడు డీలర్, లావుపాటి మనిషి. “పేషెంటు గుండ్రాయిలా ఉంది. సర్టిఫికెట్ రాసిచ్చి వెళ్ళడమే మీ పని.”

“నాడి చూడనివ్వండి,” అన్నాడు లెన్స్ బొంగురు గొంతుతో.

బానెట్ ఎత్తాడు. ఇంజన్ దిమ్మ మీద నంబరు కొట్టే చోటును ఫ్యాక్టరీలో ముందు యంత్రంతో చదును చేస్తారు. దానివల్ల వెంట్రుకల్లాంటి గీతలు పడతాయి. ఆ గీతల మీదే అంకెలు కొడతారు. దొంగ నంబరు వేసేవాడు పాతదాన్ని అరగదీయాలి. అరగదీస్తే గీతలూ పోతాయి. వాటిని మళ్ళీ తెచ్చిన మొనగాడు అతనికింతవరకు తగల్లేదు.

గీతలు ఉండకూడదని కోరుకుంటూ భూతద్దం ఆనించాడు. ఉన్నాయి. ఆమె కారులోలాగే ఏడు అంకె పక్కకు ఒరిగి ఉంది.

“ఇంకా ఎంతసేపండీ?” అంది వెనకనుంచి ఒక ఆడగొంతు.

“మా మేడమ్‌కి తొందరెక్కువ,” అన్నాడు డీలర్.

రెండేళ్ళుగా లెన్స్ వినని గొంతు. కళ్ళద్దాల లోపల ఆవిరి పట్టింది. తిరిగి చూడకుండా చక్రాల పలక మీద పడుకుని కారు కిందికి జారాడు.

గేర్‌బాక్స్ పక్కమూత మీద కూడా కారు నంబరే ఉంది. చక్కగా, గీత గీసి రాసినట్టు. అలా ఉండకూడదు. పెళ్ళైన కొత్తలో కొండదారిలో రాయి తగిలి ఆ మూత పగిలింది. పాత సామాన్ల కొట్లో వేరే కారు మూత వెతికి, అక్కడే మట్టిలో పడుకుని తనే బిగించాడు. దాని నంబరు దేనితోనూ కలవదు. ఆమె టార్చ్ పట్టుకుంది. “ఇకనుంచి ఇది అతుకుల బొంత,” అంటూ గ్రీజు అంటిన చేత్తోనే అతని బుగ్గ గిల్లింది.

ఇప్పుడున్నది బోలు మూత, చిప్ పట్టేంత. అంచునుంచి సన్నటి వైరు పైకి, డాష్‌బోర్డు వైపు పోతోంది. తనిఖీలో నెగ్గాలని ముఠావాళ్ళు దానిమీద కారు నంబరే కొట్టించారు.

జేబులోంచి కట్టర్ తీసి, కిందినుంచే అడిగాడు. “మేడమ్, ఈ కారు గేర్‌బాక్స్ మూత ఇదివరకెప్పుడైనా పగిలిందా?”

“లేదు. ఎప్పుడూ పగల్లేదు.”

అబద్ధమాడేముందు ఆమె ఒక్క క్షణం ఊపిరి బిగబట్టేది. అది మొగుడికి మాత్రమే తెలిసిన సంగతి. ఇప్పుడు బిగబట్టలేదు. ఆమె అబద్ధమాడలేదు. మరిచిపోయింది.

“పెయింటు ఆరలేదు,” అన్నాడు లెన్స్.

“ఏం పెయింటయ్యా? అది మా నాన్న కాలంనాటి పెయింటు!” అని నవ్వాడు డీలర్.

ఆమె నవ్వలేదు. అలాంటి మాటలు ఎందుకంటారో చీఫ్ ఇంట్లో పుట్టి పెరిగినదానికి తెలుసు. తలుపు తీసి సీట్లోకి దూకింది. అతని ముఖానికి జానెడు పైన నేలరేకు కుంగింది. డాష్‌బోర్డు కింద మీట వెతుకుతున్న గోళ్ళ చప్పుడు వినిపించింది.

వైరు మీద కట్టర్ మూసుకుంది. మరుక్షణమే మీట టిక్కుమంది. ఏమీ కరగలేదు. టిక్కు, టిక్కు, మళ్ళీ టిక్కు. అప్పటికే షెడ్డు నిండా మనవాళ్ళు.

బయటికి జారి మాస్కు తీశాడు.

“నువ్వా!” అందామె. కత్తిరించుకున్న జుట్టు, ఖరీదైన కోటు. కళ్ళు మాత్రం అవే.

“ఆ మూత నేనే మార్చాను. కొండదారిలో. నువ్వు టార్చ్ పట్టుకున్నావు.”

ఆమె నిజంగానే గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించింది. కనుబొమలు ముడిపడ్డాయి.

“ఎప్పుడు?” అంది.

అతను కట్టర్ జేబులో వేసుకున్నాడు. ఆమెను తీసుకెళ్ళారు.

చీఫ్ బయట వ్యాన్‌లో కూర్చుని మైకులో అంతా విన్నాడు. లోపలికి మాత్రం రాలేదు. అల్లుడు వచ్చి పక్కన కూర్చున్నాక అడిగాడు.

“మనిషి ఎలా ఉంది?”

“బాగానే ఉంది మామయ్యా. భోజనం వేళకే చేస్తున్నట్టుంది.”

చీఫ్ తలూపాడు. గొంతు సవరించుకుని ఆఫీసరయ్యాడు. “కేసయ్యాక కారును వేలం వేస్తారు. కొనేవాళ్ళకు నీ సలహా ఏమిటో చెప్పు, రిపోర్టులో వేస్తాను.”

లెన్స్ గోళ్ళలో ఇరుక్కున్న గ్రీజు కేసి చూసుకున్నాడు.

“నంబర్లన్నీ అచ్చంగా కలిశాయి, కొనొద్దు అని వెయ్యండి.”