అన్న గొంతు మీద రాణి పాట

ఆ రోజు బడి మూడున్నరకే వదిలేశారు. సెల్వరాణి చేతిలో కొత్త ఎవర్‌సిల్వర్ గిన్నె ఉంది. పాటల పోటీలో ఫస్ట్ ప్రైజు! ఐదో క్లాసు పిల్ల ఎనిమిదో క్లాసు వాళ్ళను ఓడించిందని హెడ్‌మాస్టర్ మైకులో చెప్పాడు. కోవిల్‌పట్టి రైల్వే గేటు దాటి, అగ్గిపెట్టెల కంపెనీ గోడ పక్కగా రాణి ఇంటిదాకా ఒకటే పరుగు తీసింది.

"అమ్మా! అమ్మా, ఇది చూడు!"

అమ్మ చిన్నతాయి గుమ్మం దగ్గర కూచుని అగ్గిపుల్లలు పేరుస్తోంది. చెక్క చట్రం నిండా సన్నని గాళ్ళు. ఒక్కో గాడిలో ఒక్కో పుల్ల పెట్టాలి. చట్రాలన్నీ నిండాక కంపెనీలో ఇచ్చి రావాలి. అమ్మ పక్కన టేప్‌రికార్డర్ మోగుతోంది.

అమ్మ తల ఎత్తలేదు. చెయ్యి మాత్రం ఎత్తింది, ఆగమని.

టేపులో అన్న చదువుతున్నాడు.

అన్న పేరు జెబసింగ్. రాణి కంటే రెండేళ్ళు పెద్ద. పోయిన ఎండాకాలం సెలవుల్లో అవ్వతో కలిసి విరుదునగరంలో మామ ఇంటికి వెళ్ళాడు. చర్చిలో వాక్యం చదివే పోటీ ఉందని అక్కడ కూడా గట్టిగా చదువుకుంటూ ఉంటే, మామ సరదాకి టేపులో పట్టాడు. మర్నాడు పొద్దున అవ్వా అన్నా ఊరికి బస్సెక్కారు. ఆ బస్సు సాత్తూరు దాటాక లారీని గుద్దుకుంది. ఇద్దరూ ఇంటికి రాలేదు.

సమాధి చేసిన మూడో రోజున మామ టేప్‌రికార్డర్‌నూ ఆ క్యాసెట్‌నూ తెచ్చి అమ్మ ఒళ్ళో పెట్టి వెళ్ళాడు. అప్పటినుంచి రోజూ ఈ వేళకు అమ్మ అది వింటుంది. విన్నంతసేపూ ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు.

మొదట్లో ఆ గొంతు వింటే రాణికి కూడా ఏడుపొచ్చేది. రానురాను ఏడుపు పోయి, కడుపులో మంట మొదలైంది. అది అసూయ అని రాణికి తెలుసు. తెలుసు గనకే ఎవరికీ చెప్పలేదు. చచ్చిపోయిన అన్న మీద ఎవరైనా అసూయ పడతారా?

కానీ ఏం చేసేది? బతికున్నప్పుడు అన్న రోజుకు నాలుగు తిట్లు తినేవాడు. నీళ్ళు తెమ్మంటే వినేవాడు కాదు. చక్కెర డబ్బాలో చెయ్యి పెట్టి దొరికిపోయేవాడు. పోయాక మాత్రం బంగారమైపోయాడు. చర్చిలో పూంగొడి టీచర్ "జెబసింగ్ అయితే ఒక్క రోజులో వాక్యం నేర్చేసేవాడు" అనేది. ఆదివారం ఆదివారం అమ్మ అరటికాయ వేపుడు చేసేది, అన్నకు ఇష్టమని. రాణికి అరటికాయంటేనే పడదు. పిలిచేటప్పుడు కూడా అంతే. "జెబా..." అని మొదలుపెట్టి, నాలుక కరుచుకుని "రాణీ" అనేది.

టేపు ఆగింది. అమ్మ కళ్ళు తుడుచుకుని గిన్నె వైపు చూసింది.

"బాగుంది పాపా. మీ అన్న ఉంటే ఎంత సంతోషపడేవాడో."

ఏం పాట పాడావని అడగలేదు. ఎవరు చప్పట్లు కొట్టారని అడగలేదు. రాణి వంటింట్లోకి వెళ్ళి, ఆ గిన్నెను పాత గిన్నెలన్నిటి కింద బోర్లించి వచ్చింది.

మర్నాడు శనివారం. అమ్మ నిండిన చట్రాలు తీసుకుని కంపెనీకి వెళ్ళింది. నాయన ఇసక్కిరాజా కూడా అక్కడే పని చేస్తాడు. ఇంట్లో రాణి ఒక్కతే ఉంది. ఎదురుగా టేప్‌రికార్డర్ ఉంది.

"ఎర్ర బటన్ ముట్టొద్దు. ముట్టితే ఉండేది చెరిగిపోతాది" అని మామ మరీ మరీ చెప్పి వెళ్ళాడు. ఆ మాట రాణికి బాగా గుర్తుంది.

'ఇంత టేపూ అన్నదే కదా. కొంచెం నాకిస్తే ఏమౌతుంది? నా గొంతు కూడా ఇందులో ఉంటే అమ్మ చెయ్యి ఎత్తదు. కూచుని వింటుంది' అనుకుంది.

టేపును మొదటికి తిప్పి, అన్న ఒక్క మాట అనగానే ఆపి, ఎర్ర బటన్ నొక్కింది.

ఒక్క చరణమే పాడదామనుకుంది. పాడుతూ ఉంటే బడిలో చప్పట్లు చెవుల్లో మోగాయి. ఇంకో చరణం పాడింది. ఆఖరి చరణం కూడా పాడింది. గొంతు చక్కగా పలికింది. సంతోషం పట్టలేక టేపును వెనక్కి తిప్పి పెట్టింది.

అన్న గొంతు సవరించుకున్న చప్పుడు వినిపించింది. ఒకే ఒక్క మాట. ఆ వెంటనే రాణి పాట. పాట అయిపోయాక బుస్సుమని గాలి చప్పుడు, అంతే.

చివర అవ్వ నవ్వు ఉండాలి. ప్రతిరోజూ టేపు ఆ నవ్వుతోనే ఆగుతుంది. ఇప్పుడది లేదు. అన్నను కొంచెం జరపాలనుకుంది గానీ, ఆ టేపులో అవ్వ కూడా ఉందన్న సంగతే రాణికి తట్టలేదు. రాత్రిళ్ళు రాణిని పక్కలో పడుకోబెట్టుకునే అవ్వ!

క్యాసెట్ తిప్పి వేసింది. దులిపి వేసింది. అన్ని బటన్లూ నొక్కి చూసింది. చెరిగింది చెరిగినట్టే ఉంది.

సాయంత్రం నాలుగింటికి అమ్మ చట్రం ముందు కూచుని టేపు పెట్టింది. రాణి వంటింట్లో, తోమిన గిన్నెలనే మళ్ళీ తోముతోంది.

పాట వినిపించింది. ఆగింది. మళ్ళీ మొదటినుంచి వినిపించింది. మళ్ళీ ఆగి, మూడోసారి మొదలైంది.

"రాణీ, దీన్ని ముట్టుకున్నావా?"

"లేదుమ్మా. కరెంటు పోయి వచ్చినాదే, దాంతో చెడిపోయిందేమో."

ఆ మాట అంటుంటే టేపులో రాణి గొంతే పెద్దగా పాడుతోంది.

అమ్మ ప్లగ్గు పీకేసింది. సగం నిండిన చట్రాన్ని అలాగే వదిలి గోడవైపు తిరిగి కూచుంది.

ఆరింటికి నాయన వచ్చేసరికి పొయ్యి వెలగలేదు. అమ్మను చూశాడు, రాణిని చూశాడు. టేపు పెట్టి కాసేపు విన్నాడు. తర్వాత తనే పొయ్యి ముట్టించి ఎసరు పెట్టి, రాణిని బయట బండ మీదకు పిలిచాడు.

"నువ్వే కదా పాపా?"

కరెంటు మాట ఈసారి రాణి నోటికి రాలేదు. ఏడుపే వచ్చింది.

"అమ్మకి అన్నే కావాల నాయనా! ఎప్పుడు చూడు అన్నే. నేను బతికుండాను కదా! ఫస్ట్ ప్రైజు తెస్తే గూడా అన్న మాటే. నేనూ ఆ బస్సులో పోయుంటే నన్ను గూడా ఇట్లే వినేది!"

నాయన రాణి పక్కన కూచున్నాడు. అతని చేతులకు అగ్గిపుల్లల మందు వాసన. ఆ చేత్తోనే రాణి తల నిమిరాడు.

"ఆ మాట అనొద్దు. ఎప్పుడూ అనొద్దు. నువ్వు ఒంటరిగా తిరిగేది నేను చూస్తానే ఉండా. చూసి గూడా ఊరుకున్నా. అది నా తప్పు. టేపు సంగతి మాత్రం నీ తప్పు. పోయి అమ్మకి చెప్పు."

"నువ్వు చెప్పు నాయనా."

"నువ్వే చెప్పాల."

గుమ్మం నుంచి అమ్మ దగ్గరికి ఆరడుగులు ఉంటాయేమో. రాణికి అది ఊరంత దూరమైంది.

"అమ్మా, కరెంటు కాదు. నేనే. చెరిగిపోతాదని తెలిసే నొక్కినా."

"తెలుసు" అంది అమ్మ, గోడవైపు చూస్తూనే. "నీ గొంతు నాకు తెలీదా?"

"కొట్టమ్మా."

అమ్మ కొట్టలేదు. ఇటు తిరిగింది. ఆమె ముఖం చిన్న పిల్ల ముఖంలా అయిపోయింది.

"వాడి గొంతు ఇంక లేదే. రేపు నాలుగింటికి నేనేం చేసేది?"

రాణికి ఏదో ఒకటి ఇవ్వాలనిపించింది. ఏమివ్వాలో తెలియలేదు. తెలియకుండానే నోరు తెరిచింది.

"అన్న ముందు గొంతు సవరించుకుంటాడు. తర్వాత మొదలుపెడతాడు..."

అన్న చదివింది తమిళంలో, చర్చిలో చదివినట్టు. రాణి దాన్ని ఇంట్లో మాట్లాడే తెలుగులో చెప్పుకుపోయింది. ముగ్గురు ఆడవాళ్ళు పొద్దు పొడవక ముందే బయలుదేరారు. యేసయ్య సమాధికి పోతున్నారు. ఆయన ఒంటికి పూయాలని మంచి వాసన వేసే సామాను చేత పట్టుకున్నారు.

"ఆ సామాను పేరు కాడ అన్న తడబడతాడు. రెండు మాట్లు తప్పుగా అంటాడు. అప్పుడు అవ్వ అంటుంది, 'ఒరే, కొళంబులో వేసే మసాలా అని చెప్పు, నాకర్థమవుతాది!' అని. అన్నకి నవ్వొస్తాది. నవ్వు ఆపుకోని మళ్ళా చదువుతాడు."

రాణికే ఆశ్చర్యమేసింది. రోజూ పళ్ళు కొరుక్కుంటూ విన్నది ఒక్క ముక్క కూడా పోకుండా లోపలే ఉంది.

"సమాధికి పెద్ద రాయి అడ్డం పెట్టుండారంట. అంత పెద్దది మనం ముగ్గురం కదిలించలేమే అని ఏడుస్తా పోయినారంట. పోయి చూస్తే..."

"ఆగు" అంది అమ్మ. "ఏమన్నావు? రాయా?"

"అవునుమ్మా. పోయి చూస్తే రాయి ముందే పక్కకి జరిగుండాదంట. లోపల యేసయ్య లేడంట. చచ్చిపోయినాయన లేచి పోయినాడంట."

"వాడు చదివింది ఇదా?"

"రోజూ ఇదే కదమ్మా."

"రోజూ విన్నానే" అంది అమ్మ. "గొంతే విన్నా. ఏం చదువుతా ఉండాడో ఒక్కనాడూ వినలేదు. మళ్ళా చెప్పు."

రాణి మళ్ళీ చెప్పింది. ఈసారి అమ్మ కళ్ళు మూసుకుని వింది. నాయన పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"మన అవ్వకీ పిల్లోడికీ పెట్టిన రాయి గూడా జరుగుతాది కదండీ?" అని అమ్మ అతన్ని అడిగింది.

"జరుగుతాది" అన్నాడు నాయన. "యేసయ్య చెప్పినాడు కదా. ఆయన ఊరికే చెప్పడు."

అమ్మ గట్టిగా ఏడ్చింది. ఇన్నాళ్ళూ గోడవైపు తిరిగి ఏడ్చేది. ఆ రోజు రాణిని ఒళ్ళోకి లాక్కుని ఏడ్చింది. ఏడుపు తగ్గాక కొంగుతో ఇద్దరి ముఖాలూ తుడిచింది.

"నీమీద నాకు కోపం పోలేదు పాపా. ఇంకో నాలుగు రోజులుంటాది."

"సరేమ్మా."

"ఆ పాట పాడు. టేపులో వద్దు. ఇక్కడ, నా ముందర పాడు."

రాణి పాడింది. గొంతు బొంగురుపోయి, బడిలో పాడినదానిలో సగం కూడా బాగా రాలేదు. అమ్మ చట్రాన్ని ముట్టుకోకుండా చివరిదాకా వింది.

అమ్మ కోపం చెప్పినట్టే నాలుగు రోజులు ఉంది. ఐదో రోజున రాణి తలకు నూనె పెట్టి జడ వేసేటప్పుడు, బడి కబుర్లు ఒక్కొక్కటే అడిగింది. అయినా ఒక్కోసారి నాలుగింటికి అమ్మ చేతులు ఆగిపోయేవి. అప్పుడు రాణి వెళ్ళి పక్కన కూచుని, తనూ నాలుగు పుల్లలు పేర్చేది.

వారం గడిచాక, బడి లేని ఒక మధ్యాహ్నం విళాత్తికుళం బస్సు దిగి ఒక ముసలామె వచ్చింది. చంకలో ఎండుమిరపకాయల మూట. ఆమె సెల్లత్తాయి, అవ్వకు చిన్ననాటి నేస్తం. ఏడాదికొకసారి మిరపకాయలు అమ్ముకోవడానికి వచ్చి, వీళ్ళ ఇంట్లో ఒక పూట అన్నం తిని పోతుంది. ఆమె ఊరికి ఎవరూ కబురు పంపలేదు.

"యాడుందే మీ అత్త? పిలువు. దానికని మంచి కాయ ఏరి తెచ్చినా" అంటూ గుమ్మంలో మూట దించింది. "మనమడు యాడ? బడికి పోయినాడా?"

అమ్మ నోరు తెరిచింది. చేతిలో పుల్లలు ఒళ్ళో రాలిపోయాయి.

ఇంటికి వచ్చిన వాళ్ళు అన్న మాట ఎత్తితే చాలు, ఇన్నాళ్ళూ రాణి పెరట్లోకి పోయేది. ఈసారి చెంబుతో నీళ్ళు తెచ్చి ముసలామె చేతికిచ్చింది. చాప పరిచింది.

"కూచో అవ్వా. నీళ్ళు తాగు. నేను చెప్తాను."

ఆమె తాగేదాకా ఆగి, మెల్లగా చెప్పింది. బస్సు సంగతి చెప్పింది. అవ్వా అన్నా ఇప్పుడు యేసయ్య దగ్గర ఉన్నారని, వాళ్ళను మళ్ళీ చూస్తామని చెప్పింది. ముసలామె గుండెలు బాదుకుని ఏడ్చింది. ఆ ఏడుపు ఆగేదాకా రాణి ఆమె చెయ్యి వదల్లేదు.

చాలాసేపటికి సెల్లత్తాయి ముక్కు తుడుచుకుంది.

"నేనెప్పుడొచ్చినా పిల్లోడు బళ్ళోనే ఉంటాడు. పసిబిడ్డప్పుడు ఎత్తుకున్నా, అంతే. పెద్దోడైనాక ఎట్లుండేవాడే?"

రాణి అమ్మ వైపు చూసింది. అమ్మ కూడా వినడానికి ఎదురుచూస్తోంది.

"మా అన్నకి ఈత రాదు అవ్వా" అని మొదలుపెట్టింది రాణి. "వస్తాదని మాత్రం ఊరంతా చెప్పుకునేవాడు. ఒకనాడు మా మామ వాణ్ణి నిజంగానే బావి కాడికి తీసుకుపోయినాడు చూడు..."

అమ్మ ఒళ్ళోని పుల్లలు దులుపుకుని, చాప మీదకు, రాణికి దగ్గరగా జరిగింది.