దెనిస్ తోడు

థార్న్‌బీలో పొద్దు గూకాక దెనిస్ ఇంటి వైపు ఎవరూ పోరు. ఆ ఇల్లు ఊపిరి పీలుస్తుందని చెబుతారు.

దెనిస్ బార్లీ కల్లు కాచేది. కొలత తగ్గించి పోసిందని చెరువు ఒడ్డున కుర్చీకి కట్టి ముంచారు. మూడోసారి పైకి లేపేసరికి... ఊపిరి లేదు. ఆ ఊపిరే ఇంట్లో తిరుగుతోందట.

ఏడాది గడిచాక, దొర కచేరీలో హావిస్ లేచింది. తనూ కల్లు కాచి ఇద్దరు పిల్లల్ని సాకుతున్న విధవ.

"దెనిస్ కొలత సరిగ్గానే ఉంది. నేను చూశాను. అబద్ధమాడినవాడు గిల్బర్ట్."

గిల్బర్ట్ కల్లు రుచీ కొలతా చూసే అధికారి. ఆ సాయంత్రమే వచ్చి ఆమె తోడు కుండ తన్ని పారబోశాడు. తోడంటే పాత కల్లు మీది నురుగు. అది పడితేనే కొత్తది పొంగేది. అక్కడి ఆడవాళ్లు దాన్ని దేవుడి దయ అంటారు.

"దీనికి తోడిచ్చినవాళ్లు అదే కుర్చీ ఎక్కుతారు" అని వీధి వినేలా చెప్పి పోయాడు.

ఇంట్లో ఉన్న ఆఖరి బార్లీ అప్పటికే తొట్టిలో నానింది. తెల్లారేలోగా తోడు పడకపోతే అది పందులపాలు. పిల్లలకి పస్తు.

ఏ గుమ్మం ఎక్కినా మూసిన తలుపే. ఎదురింటి మేబట్ అయితే గట్టిగానే అంది, "దేవుడి దయ నా దగ్గర లేదు తల్లీ." తలుపు మూస్తూ గొణిగింది, "దెనిస్‌ని అడుగు."

ఎగతాళి. హావిస్ ఖాళీ చెంబు చేత పట్టుకుంది.

సరే... అడుగుతాను.

దెనిస్ ఇంటి తలుపు తోస్తే తెరుచుకుంది. లోపల కటిక చీకటి. ఆ చీకట్లో — ఉస్... ఉస్...

హావిస్ వెనక్కి తిరగలేదు.

"దెనిసక్కా... నీ కోసం నోరు విప్పినందుకే నాకీ గతి. ఇంత తోడివ్వు."

తడుముతుంటే చేతికి ఉన్ని గుడ్డ తగిలింది. దాని కింద కుండ. గోరువెచ్చగా, బుసబుసమంటూ నురుగు.

ఎవరో కొత్త కల్లు పోసి మేపకుండా నురుగు ఏడాది బతకదు.

"ఎంతసేపే అడుక్కోవడం? ముంచుకో." వెనక మేబట్ గొంతు, గుసగుసగా. పెరటి దారిన ముందే వచ్చి నక్కినట్టుంది. "సగం వదిలెయ్. ఇది దెనిస్ పెట్టిన తోడే. మేం ఆడవాళ్లం చావనివ్వలేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు నోరు విప్పుతావో లేదో చూశాం."

"మరి... దెయ్యం?"

"ఈ రాత్రికి నేను. గురువారం నువ్వు."

గురువారం పొద్దున హావిస్, కొత్త కల్లు సిద్ధమని గుర్తుగా, గుమ్మంలో ఆకుల గుత్తి కట్టిన కర్ర నిలిపింది. కర్ర లేచాక గిల్బర్ట్ వచ్చి రుచి చూడక తప్పదు. తాగాడు. వంక దొరకలేదు.

"తోడెవరిచ్చారు?"

"దెనిస్."

చెంబు అతని చేతిలో అలాగే ఆగిపోయింది.

ఆ రాత్రి లాంతరు పట్టుకుని దెనిస్ ఇంటికి వచ్చాడు. లోపల హావిస్ ఖాళీ పీపాలో తల పెట్టి, గుండెలనిండా గాలి పీల్చి వదిలింది — హూ...

లాంతరు గుమ్మంలో ఆగింది.

అప్పుడు హావిస్ వెనక నుంచి ఇంకో ఊపిరి... పొడుగ్గా, గొంతులో నీళ్లు అడ్డుపడుతున్నట్టు.

లాంతరు కింద పడింది. అడుగుల చప్పుడు చెరువు దాటి పోయింది.

"బాగా ఊపిరి తీశావు మేబటక్కా" అని నవ్వింది హావిస్.

తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు. కాళ్ల కింద నేల తడిగా ఉంది...

హావిస్ పారిపోలేదు. కుండ మీద ఉన్ని గుడ్డ సర్దింది.

"పడుకో అక్కా" అంది మెల్లగా. "వాడు పోయాడు. ఈ రాత్రి వంతు నాది."