వచ్చేపోయేవాళ్ళ వైఫై

ఆ ఉదయం అత్తగారు టాబ్లెట్ ఒళ్ళో పెట్టుకుని, గౌను బొమ్మకు ఆఖరి గీత గీసింది. వేళ్ళు వణికే వయసు వచ్చినా బట్ట కత్తిరించడంలో ఆమెకు తిరుగులేదు. బొమ్మను అల్లుడి ల్యాప్‌టాప్‌లోకి పంపితే ప్రింటు తీసి మధ్యాహ్నానికల్లా కుట్టే దుకాణానికి ఇవ్వొచ్చు. పంపబోతే టాబ్లెట్ కాస్తా మొరాయించింది.

"ల్యాప్‌టాప్ కనబడటం లేదంటోంది బాబూ. ఎదురుగానే ఉంది కదా, దీనికేం మాయరోగం?"

అల్లుడు బడిలో లెక్కలు చెప్పే మనిషి, ఓపికెక్కువ. రెండూ ఆపి మళ్ళీ వేశాడు. రెండింట్లోనూ నెట్‌లో పాటలు భేషుగ్గా వస్తున్నాయి, ఒకదానికొకటి మాత్రం కనబడవు. ల్యాప్‌టాప్ ఏమైనా అడ్డుకుంటోందేమోనని అదీ చూశాడు. ఆఖరికి టాబ్లెట్ ఏ వైఫైలో ఉందో చూసి గతుక్కుమన్నాడు.

ఆసుపత్రి డ్యూటీకి బయలుదేరుతున్న కూతురు అతని భుజం మీదుగా తొంగిచూసింది. "మా అమ్మని అతిథుల వైఫైలో పెట్టావా?"

"అంటే ఏమిటే?" అంది అత్తగారు.

"ఇంటివాళ్ళకొకటి, వచ్చేపోయేవాళ్ళకొకటి అమ్మా. ఆ రెండోదాంట్లో నెట్ వస్తుంది గానీ ఇంట్లో వస్తువులేవీ కనబడవు. ఏడాదిగా నిన్ను గుమ్మం బయటే కూచోబెట్టాడు నీ అల్లుడు."

"పోనీలేవే. అల్లుడింట అత్త ఎన్నాళ్ళున్నా చుట్టమే. నా హద్దు నాకు తెలియదా?" అంటూ అత్తగారు టాబ్లెట్ మూసేసింది.

"ఆ మాటే అత్తయ్యా," అన్నాడు అల్లుడు మెల్లగా. "నాలుగు రోజులుండి పోతానంటే అది పెట్టాను. మార్చడం మరిచిపోయాను, తప్పు నాదే. కానీ మీకు గది సర్దుదామంటే 'ఎందుకు బాబూ, పోయేదాన్నే' అన్నారు. కుట్టుమిషను తెప్పిద్దామన్నా అదే మాట. మళ్ళీ అడిగితే బలవంతపెట్టినట్టు ఉంటుందని ఊరుకున్నాను."

అత్తగారికి ఏడాదంతా కళ్ళముందు తిరిగింది. సోఫా అంచున కూర్చోవడం, ఫ్యాను వేసుకోవడానికీ అడగడం, ఆకలి లేదని సగం వడ్డించుకోవడం. పొమ్మన్నదెవరు? తనే ఒదిగి ఒదిగి, కడుపున పుట్టినదాన్నీ దాని మొగుణ్ణీ పరాయివాళ్ళని చేసింది. కళ్ళు చెమర్చాయి.

టాబ్లెట్ మళ్ళీ తెరిచింది. "ఇంటివాళ్ళదానికి పాస్‌వర్డు చెప్పు బాబూ. నేనే కొడతాను."

అతను ఒక్కో అక్షరం చెప్తుంటే ఒంటివేలితో నొక్కింది. ల్యాప్‌టాప్ పేరు తెరమీదికి వచ్చింది. గౌను బొమ్మ వెళ్ళి అందులో పడింది.

"ఇంకో మాట," అంది కళ్ళు తుడుచుకుంటూ. "రేపట్నుంచి కాఫీ నేనే పెడతాను. ఇది పెట్టే కాఫీ ఇన్నాళ్ళూ మొహమాటానికి తాగాను."

"నేనూ అంతే అత్తయ్యా," అన్నాడు అల్లుడు.

కూతురు డ్యూటీ సంగతి మరిచిపోయి, నడుం మీద చేతులు పెట్టుకుని ఇద్దరి వంకా చూసింది.