హాస్కిన్ కుట్టు

డెంజిల్ దగ్గర మొదట్లో నాలుగు పౌండ్ల రెండు షిల్లింగులు ఉండేవి. అంతా పెట్టి ఒక చచ్చినవాడి కుట్టు మిషను కొన్నాడు. కొని ఊరుకోలేదు... చీకటి పడితే మా యుద్ధనౌకలో ఎవడూ దిగని చోటికే దాన్ని తీసుకెళ్లాడు.

నాలుగో ఫిరంగి బురుజు కింద చిన్న ఇనుప కొట్టు అది. పైనుంచి నడిచేటప్పుడు కూడా మేం మాటలు ఆపేసేవాళ్లం. హాస్కిన్ కూర్చుని కుట్టింది అక్కడే. పోయిందీ అక్కడే.

హాస్కిన్ ప్యాంట్ల సంగతి మా నౌకలు లంగరేసే స్కాపా రేవులో ఎవరినడిగినా చెబుతారు. మా స్క్వాడ్రన్‌లో యుద్ధనౌకలు ఎనిమిది. మిగతా ఏడింటి నుంచీ పడవలేసుకుని వచ్చి కుట్టించుకునేవాళ్లు. మోకాలి కింద గంటలా విచ్చుకునే ఆ తీరు ఇంకెవడి చేతికీ రాలేదు. డెంజిల్ కూడా కుట్టేవాడు. ఆరు పెన్నీలు తక్కువకే కుట్టేవాడు. అయినా పదిమందిలో తొమ్మిదిమంది హాస్కిన్ దగ్గరికే. ఆ పదోవాడు వచ్చి, "హాస్కిన్‌కి ఖాళీ లేదట, పోనీ నువ్వు కుట్టు" అనేవాడు.

ఆ 'పోనీ' డెంజిల్ కడుపులో నిప్పులా ఉండిపోయింది.

తర్వాత మే నెలాఖరులో సముద్రం మీద యుద్ధం జరిగింది. పొగమంచులో బారులు తీరి సాగిన స్క్వాడ్రన్‌లో దెబ్బ తగిలింది మా నౌక ఒక్కదానికే. ఒక్క గుండు. పోయింది ఒక్కడు, హాస్కిన్. అతని మిషనుకి మాత్రం గీత కూడా పడలేదు. ఆ చిల్లు చూడ్డానికి మిగతా ఏడు నౌకలవాళ్లూ వచ్చి కుళ్లుకున్నారు... శత్రువు తమని లెక్కలోకే తీసుకోలేదని!

స్కాపా చేరాక డెక్కు మీద హాస్కిన్ సామాను వేలం వేశారు. నౌకలో అదొక ఆనవాయితీ. పాడుకున్నవాడు డబ్బు కట్టి వస్తువు తిరిగిచ్చేస్తాడు. దాన్నే మళ్లీ పాడతారు. వచ్చిందంతా పోయినవాడి పెళ్లానికి పంపుతారు. కుట్టు మిషను అలా మూడుసార్లు అమ్ముడై, మూడుసార్లూ వెనక్కొచ్చింది. నాలుగోసారి డెంజిల్ పాడాడు. ఉన్నదంతా ఇచ్చేసి మిషను ఎత్తుకుని నడిచాడు.



"ఒరేయ్... అక్కడ పెట్టి పోరా" అన్నాడు పాస్కో. హాస్కిన్ స్నేహితుడు, నెరిసిన గడ్డం ఫిరంగివాడు.

"ఎందుకు బాబాయ్? డబ్బు కట్టాగా."

"చచ్చినోడి మీద కూడానా నీ ఏడుపు!"

డెంజిల్ వినలేదు. ఆ కొట్టులోనే దుకాణం పెట్టాడు. జనం వచ్చారు... కానీ ఏమని? "హాస్కిన్ మిషనేగా, బాగానే వస్తుందిలే!"

అంతలో అడ్మిరల్ తనిఖీకి వస్తాడన్న కబురు. అడ్మిరల్ ఉండే పెద్ద నౌక నుంచి పడవలో ఒకడొచ్చి డెంజిల్‌తో అన్నాడు: "అచ్చం హాస్కిన్ ప్యాంటులా ఒకటి కుట్టి చూపించు. బాగుంటే డజను ప్యాంట్లు నీకే ఇస్తాం. లేకపోతే ఇంకోడిని చూసుకుంటాం."

డెంజిల్ రాత్రి దాకా కూర్చుని ఎడమ కాలు కుట్టాడు. అది ముడతలు పడింది. విప్పి మళ్లీ కుట్టాడు. మళ్లీ ముడతలే. విసిరికొట్టి వచ్చి పడుకున్నాడు.

అందరం నిద్రలోకి జారుతుండగా... ఇనుప గోడల్లోంచి పాకుతూ వచ్చింది ఆ చప్పుడు.

టక... టక... టక టక టక...

ఆ వేగం మాకందరికీ తెలిసిందే.

డెంజిల్ తిన్నగా పాస్కో పడక దగ్గరికి వెళ్లాడు. "నా మిషను ముట్టుకుంటున్నది నువ్వే అనుకున్నా..."

పాస్కో కళ్లు తెరిచే ఉన్నాయి. వణుకుతున్న రెండు చేతులూ పైకెత్తి చూపించాడు. యుద్ధం నాటి నుంచి ఆగని వణుకు అది. "ఈ చేతుల్తో సూదిలో దారమైనా ఎక్కదురా."

ఇద్దరూ కలిసే దిగారు. గుండు పడ్డాక ఆ కొట్టుకి కరెంటు తీగ మళ్లీ వేయలేదు. లాంతరే దిక్కు. అక్కడ జరిగింది తర్వాత పాస్కో చెబితేనే మాకు తెలిసింది.

లాంతరు వెలుగు తలుపు లోపలికి పడగానే చప్పుడు ఆగిపోయింది.

లోపల ఎవరూ లేరు. మిషను చక్రం మాత్రం ఇంకా తిరుగుతోంది... నెమ్మదిగా... నెమ్మదిగా... నిలిచిపోయింది.

సూది కింద ప్యాంటు కుడి కాలు. డెంజిల్ దాన్ని ఇంకా మొదలే పెట్టలేదు. ఇప్పుడు మోకాలి దాకా కుట్టి ఉంది. ఎక్కడా ఒక్క ముడత లేదు.

"హాస్కిన్ కుట్టే..." పాస్కో ఒకడుగు వెనక్కి వేశాడు. "పైకి పదరా. మిషను రేపే ఇచ్చేద్దాం. పద!"

డెంజిల్ కదల్లేదు. రెండు కాళ్లూ పక్కపక్కన పరిచి వేలితో తడిమాడు. తన కుట్టు. వాడి కుట్టు. అతని మొహంలో భయం వెతికానని, దొరకలేదని పాస్కో ఇప్పటికీ అంటాడు.

"చచ్చి కూడా..." డెంజిల్ పళ్లు కొరికాడు. "చీకట్లో కూడా... ఇంత బాగా ఎలా కుట్టాడు బాబాయ్?"

"నీకు పిచ్చెక్కింది!"

"దీపం చూసి ఆపేశాడు. ఇంకా సగం కాలు మిగిలుంది. ఆ చెయ్యి ఎలా కదులుతుందో పట్టుకుని తెలుసుకుంటా."

పాస్కో అప్పటికే నిచ్చెన మీద ఉన్నాడు. ఒక్కసారి వెనక్కి చూశాడు.

డెంజిల్ పీట మీద ఒక కొసకి జరిగి కూర్చున్నాడు, పక్కన ఇంకొకరికి చోటు వదిలి. సూదికి బాగా దగ్గరగా ఒక వేలు ఆనించాడు.

రెండో చేత్తో లాంతరు తలుపు తీసి... ఊదడానికి ముందుకి వంగాడు.