వెనక బెంచీలో అమ్మ

ఆ సాయంత్రం బాలమణి ఇంట్లో పొయ్యి వెలగలేదు. కడిగిన బియ్యం గిన్నెలో అలాగే నానుతున్నాయి. ఫిల్మ్‌నగర్ బస్తీలో ఒక గదీ, వంటకింత చోటూ ఉన్న ఆ కిరాయి ఇంట్లో ఉండేది తల్లీకూతుళ్ళిద్దరే. కూతురు హిమజ చాప మీద గోడవైపు తిరిగి పడుకుంది. కాలేజీ చీర కూడా మార్చుకోలేదు. తల్లి గడప మీద కూర్చుని, కొండమీద జూబ్లీహిల్స్ బంగళాల్లో ఒక్కొక్కటిగా వెలుగుతున్న దీపాల వంక చూస్తోంది. చూస్తోందే కానీ ఆమె కంటికి ఏదీ ఆనడం లేదు. పొద్దున కన్నకూతురి నోట విన్న మాటే చెవుల్లో తిరుగుతోంది...

"మా పక్కింటి ఆంటీ, సార్."

ఎంత తేలిగ్గా అనేసింది! జ్వరమొస్తే రాత్రంతా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న తల్లిని, పదిమంది ముందు పక్కింటి మనిషిని చేసేసింది!

బాలమణి సినిమాల్లో జూనియర్ ఆర్టిస్టు. పెళ్ళి సీనులో అక్షింతలు వేసే జనంలో ఒకతె, బస్టాండు సీనులో బస్సు కోసం చూసే వాళ్ళలో ఒకతె. భర్త తిరుమలేశ్ షూటింగుల్లో లైట్‌మ్యాన్‌గా పనిచేసేవాడు. హిమజ పదో తరగతిలో ఉండగా జబ్బుచేసి పోయాడు. అప్పట్నుంచీ ఆ ఇంటికి దిక్కూ మొక్కూ ఆమే. షూటింగంటే సగం పని ఎదురుచూడటమే కదా! మేకప్ వేసుకుని చెట్టు కింద కూర్చుంటే పిలుపు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. ఆ ఖాళీలో మిగతా ఆడవాళ్ళు కునుకు తీస్తే, బాలమణి కళ్ళు తెరుచుకునే కలలు కనేది. ఎప్పుడూ ఒకటే కల. నేత చీర కట్టుకున్న హిమజ, వేళ్ళకంటిన సుద్దపొడి, ఎదురుగా బుద్ధిగా కూర్చున్న పిల్లలు, కిటికీలోంచి పడే పల్చటి ఎండ... ఆ బడి ఎక్కడుందో తెలియదు. ఆ బొమ్మలో తను ఎక్కడుందో వెతుక్కోవాలని కూడా ఆమెకెన్నడూ తోచలేదు.

హిమజకు బీఎడ్‌లో సీటు వచ్చినరోజు ఆ కల ఇంటి గుమ్మం దాకా వచ్చేసినట్టే అనిపించింది. టీచరమ్మ చదువంటే పుస్తకాలు చదివి పరీక్ష రాయడమే అనుకుంది పాపం. తీరా చూస్తే దానికి ఉన్నన్ని షరతులు పెళ్ళిసంబంధానికి కూడా ఉండవు! హాజరు తగ్గకూడదు. కాలేజీ చీర నలగకూడదు. చార్టులు ఎవరివి వాళ్ళే గీసుకోవాలి. చెప్పబోయే ప్రతి పాఠానికీ ముందుగా ప్రణాళిక రాసి చూపించుకోవాలి. అన్నిటికంటే పెద్ద గండం మైక్రో టీచింగ్. తోటి విద్యార్థులే చిన్నపిల్లల్లా బెంచీల మీద కూర్చుంటారు. ఒకరు టీచరై ఆరు నిమిషాలు పాఠం చెప్పాలి. లెక్చరర్ విని లోపాలు చెబుతారు. అవి దిద్దుకుని అదే పాఠం, అదే పిల్లలకు మళ్ళీ చెప్పాలి. అందులో గట్టెక్కితేనే అసలైన బడికి, అసలైన పిల్లల దగ్గరికి పంపిస్తారు. లేకపోతే ఏడాది పోయినట్టే.

ఆ పొద్దున హిమజ తన చార్టు ఇంట్లో మరిచిపోయి వెళ్ళింది. ఆరో తరగతి పిల్లలకు చెప్పే నీడల పాఠం అది. షూటింగ్ లేని రోజు కావడంతో బాలమణి చార్టును చంకలో పెట్టుకుని బస్సెక్కింది. కాలేజీలో గది గుమ్మం దగ్గర తటపటాయిస్తున్న ఆమెను అచ్యుతరామయ్య సారు చూశారు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. ఆయన మాట మెత్తన, మార్కులు గట్టి.

"ఎవరమ్మా ఆవిడ?" అని హిమజను అడిగారు.

అప్పుడే హిమజ ఆ మాట అంది.

"ఇవాళ ఇద్దరు మానేశారు. మీకు పనేమీ లేకపోతే కాసేపు పిల్లల్లో కూర్చుంటారా అమ్మా?" అన్నారు సారు.

గుంపులో కూర్చోవడం బాలమణికి కొత్తా! ఏ వేషం ఇస్తే ఆ వేషం వేయడం అలవాటైన ప్రాణం. పక్కింటి ఆంటీ వేషం కూడా వేసేసింది. కళ్ళలో నీళ్ళు కిందికి జారకుండా నడిచి వెళ్ళి వెనక బెంచీలో కూర్చుంది. షూటింగుల్లో తప్ప ఆమె ఎన్నడూ బడి బెంచీ మీద కూర్చుని ఎరగదు.

హిమజ పాఠం చక్కగానే చెప్పింది. ఏ ప్రశ్న అడిగినా ముందు బెంచీల వాళ్ళు టకటకా జవాబులు చెప్పారు. చెప్పరా మరి, అందరూ డిగ్రీలు పాసైనవాళ్ళే! చివరికి, "పొద్దున పూట మన నీడ ఎందుకు పొడుగ్గా ఉంటుంది?" అని అడుగుతూ ఆమె చూపు వెనక బెంచీ దాకా వచ్చింది. తల్లి చూపుతో కలిసింది. కలిసీ కలవకముందే పక్కకు తిరిగిపోయింది. స్ఫూర్తి అనే అమ్మాయిని లేపింది. స్ఫూర్తి పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పింది. ఆరు నిమిషాలు కాగానే సారు గంట కొట్టారు.

"హిమజా, ఈరోజు నువ్వు చూపించాల్సిన నైపుణ్యం ఏమిటి?" అని అడిగారు.

"లోతుగా ప్రశ్నించడం సార్. జవాబు రాని పిల్లను చిన్న చిన్న ప్రశ్నలతో జవాబు దాకా తీసుకెళ్ళడం."

"మరి ఎవర్ని తీసుకెళ్ళావు? వీళ్ళంతా తెలిసి తెలియనట్టు నటించేవాళ్ళు. ఈ గదిలో నిజంగా తెలియని విద్యార్థి ఆవిడొక్కరే. ఆవిణ్ణి వదిలేశావు. శుక్రవారం మళ్ళీ చెప్పు. ఆవిణ్ణి కూడా తీసుకురా. ఆవిడ లేకుండా నేను సంతకం పెట్టను."

అదీ జరిగింది. ఇంటికి వచ్చిందగ్గర్నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. చివరికి బాలమణే నోరు తెరిచింది.

"నన్ను అడగకపోవుడే మంచిగైంది బిడ్డా. నాకేమొస్తదని... నలుగుట్ల నీకే నామోషీ అవుతుండె."

హిమజ గోడవైపు నుంచి కదల్లేదు. "అందుకే అడగలే అమ్మా..." అంది సన్నగా. "మా క్లాసోళ్ళ అమ్మలల్ల టీచర్లున్నరు, ఆఫీసర్లున్నరు. నువ్వు సినిమాలల్ల గుంపుల నిలబడ్తవని ఎట్ల చెప్పాలె? నోరు రాలే."

"సరే తీ. శుక్రవారం రమ్మన్నరు గద, వస్త. గదే ఆంటీ లెక్కనే వస్త. నువ్వు ఫికర్ జెయ్యకు."

తిట్టినా, కొట్టినా హిమజకు అంత బాధ కలిగేది కాదేమో. చాపలో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. బాలమణి ఆమె వీపు నిమిరి, లేచి పొయ్యి వెలిగించింది.

మర్నాడు పోచయ్య నుంచి ఫోన్ వచ్చింది. జూనియర్ ఆర్టిస్టులను షూటింగులకు పంపించే ఏజెంటు అతను.

"బాలమణీ, శుక్రవారం పొద్దుగాల రెడీగుండు. నీకు డైలాగ్ ఇప్పిచ్చిన. ఆస్పత్రి సీను, తల్లి వేషం. కెమెరా నీ మొకం మీదనే ఉంటది. ఇన్నేండ్లకు నీ నసీబు తిరిగింది పో."

ఆ పూటంతా బాలమణి కాళ్ళు నేల మీద లేవు. రహమత్‌నగర్ సందుల్లో కూరగాయలు బేరమాడుతోందే కానీ, ఆమె ఉన్నది ఒక పెద్ద సినిమా హాల్లో... చీకటి. ఆ చీకట్లో గోడంత తెర మీద తన మొహం. తన పెదవులు కదిలాయి. తన గొంతు హాలంతా నిండింది. కుర్చీల వరసల్లో ఎక్కడో హిమజ కూర్చుంది. పక్కనున్న స్నేహితురాళ్ళ వైపు తిరిగి, తెర వైపు వేలు చూపించి, "మా అమ్మ" అంటోంది... టమాటాలమ్మే ఆవిడ "ఏమక్కా, కలగంటున్నవా?" అని అడిగేదాకా బాలమణికి తను నవ్వుతున్నట్టే తెలియలేదు. అప్పుడు గుర్తొచ్చింది, శుక్రవారం! తెరా పోయింది, హాలూ పోయింది. సంచీ చేతిలో పట్టుకుని ఆ రద్దీలో చాలాసేపు నిలబడిపోయింది. తను వెళ్ళకపోతే సారు సంతకం పెట్టరు. సంతకం లేకపోతే పిల్ల బడి మొహం చూడదు. అక్కణ్ణుంచే పోచయ్యకు ఫోన్ చేసింది.

"నాకు వీలుకాదు అన్నా."

"పిచ్చి లేసిందా నీకు? ఈ మోకా మల్ల రాదు."

"ఎరుకనే అన్నా" అని పెట్టేసింది. హిమజకు ఈ సంగతి ఒక్క ముక్క కూడా చెప్పలేదు. పోచయ్య పోరు పడలేక శుక్రవారం పొద్దున ఫోను బందు చేసింది.

ఆరోజు బాలమణి తన చీరల్లో మంచిది కట్టుకుని కాలేజీకి వచ్చింది. అడగకముందే వెళ్ళి వెనక బెంచీలో కూర్చుంది. కిటికీలోంచి వరండా కనిపిస్తోంది. కాగితంపూల తీగ నీడలో నిలబడి హిమజ ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతోంది. మాట్లాడటం కాదు, వింటోంది. వింటూ వింటూ మొహం పాలిపోయింది. కొంగు తీసి కళ్ళకు అద్దుకుంది. బాలమణికి అర్థమైంది. పోచయ్యే! తన ఫోను బందు చేసింది గానీ, కూతురి నంబరు అతని దగ్గరుందన్న సంగతే మరిచిపోయింది.

హిమజ లోపలికి వచ్చింది. బల్ల మీద చార్టు పెట్టింది. సారు గంట మీద చెయ్యి వేశారు.

"సార్, పాఠానికి ముందు ఒక మాట చెప్పాలి" అంది హిమజ. "ఆ రోజు మీతో అబద్ధం చెప్పాను. ఆవిడ పక్కింటి ఆంటీ కాదు. మా అమ్మ. పేరు బాలమణి. సినిమాల్లో జూనియర్ ఆర్టిస్టు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఇవాళ డైలాగున్న వేషం వచ్చింది. నా పాఠం కోసం దాన్ని వదులుకుని, నాకు చెప్పకుండా ఇక్కడికొచ్చి కూర్చుంది. నేను... ఆమెను నా తల్లి అని చెప్పుకోలేకపోయాను సార్."

బాలమణి కంగారుపడి లేచి నిలబడింది. ఏం చేయాలో తోచక మళ్ళీ కూర్చోబోయి, సారును చూసి నిలబడే ఉండిపోయింది. అచ్యుతరామయ్యగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"మంచిదమ్మా. నీ విద్యార్థిని అంతసేపు నిలబెట్టి ఉంచకు. పాఠం మొదలుపెట్టు" అన్నారు.

హిమజ చార్టు చూపించి రెండు ముక్కలు చెప్పింది. ఆ తర్వాత ముందు బెంచీల వంక చూడనేలేదు. "బాలమణిగారూ, పొద్దున పూట మన నీడ ఎందుకు పొడుగ్గా ఉంటుంది?" అని అడిగింది.

అందరూ వెనక్కి తిరిగి చూశారు. అంతమంది ఒక్కసారి తనవైపు చూడటం బాలమణి జన్మలో ఎరగదు.

"తెల్వదు" అంది, తల వంచుకుని.

ఈసారి హిమజ చూపు తిప్పుకోలేదు. సుద్దముక్క బల్ల మీద పెట్టి, బెంచీల మధ్యనుంచి నడుచుకుంటూ తల్లి దగ్గరికి వచ్చింది. పుస్తకం భాష పోయి, ఇంట్లో మాట వచ్చింది.

"అమ్మా, నాయిన షూటింగుల లైటు పట్టుకుంటుండె గద. ఆ లైటును కిందికి, నీ మోకాళ్ళ కాడ పెడితే నీ నీడ ఎట్లుంటుండె?"

బాలమణి కళ్ళు ఎక్కడికో పోయాయి. కొత్తగా పెళ్ళైన రోజులు. సెట్లో అందరూ టీ తాగుతుంటే, తిరుమలేశ్ లైటును ఆమెవైపు తిప్పి ఆటపట్టిస్తున్నాడు. వెనక గోడ మీద ఆమె నీడ పైకి, పైపైకి పాకుతోంది. "మబ్బులకు తాకేటట్టున్నవ్ బాలా" అని నవ్వుతున్నాడు...

"శాన పొడుగుంటుండె" అంది మెల్లగా. "గోడ ఎక్కుతుండె."

"మరి లైటును నెత్తిమీదికి లేపితే?"

"కాళ్ళ కాడికొస్తుండె. గింతే." చేత్తో కొలత చూపించింది.

"పొద్దున సూర్యుడు ఏడుంటడు?"

"కిందికే ఉంటడు, గుట్టల కాడ..." అంటూ ఆగిపోయింది బాలమణి. తల ఎత్తింది. ఆ మొహంలోకి ఏదో వెలుతురు వచ్చింది. "గందుకేనా? సూర్యుడు కిందికుంటడు గాబట్టే నీడ పొడుగైతదా బిడ్డా? నెత్తిమీదికి రాంగనే పొట్టిదైతదా?"

సరైన జవాబు చెప్పిన విద్యార్థిని మెచ్చుకోవాలన్నది కూడా నియమమే. "చాలా బాగా చెప్పారు" అనబోయింది హిమజ. సగం మాట బయటికొచ్చింది, మిగతా సగం ఏడుపులో కలిసిపోయింది. తల్లిని రెండు చేతులా వాటేసుకుంది. ఆరు నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. సారు గంట కొట్టలేదు. కాగితం మీద సంతకం చేసి, "సోమవారం నుంచి బడికి వెళ్ళమ్మా" అని మాత్రం అన్నారు.

బయట వరండాలో జనం పల్చబడ్డాక హిమజ తల్లి చేతులు పట్టుకుంది.

"మాఫ్ చెయ్యమ్మా. నావల్ల నీ డైలాగ్ పాయె."

"పోతే పోనీ తియ్యి" అంది బాలమణి. ఆమె ఇంకా ఆ గదిలోనే ఉన్నట్టుంది. వరండా దిగి, ఎండలో తన కాళ్ళ దగ్గర చేరిన పొట్టి నీడను చూసుకుని, చిన్నపిల్లలా ఒక అడుగు ముందుకు వేసి మళ్ళీ చూసుకుంది. తర్వాత కూతురి మొహంలోకి చూసింది.

"నాకు జవాబొస్తదని నాకే ఎరుకలేకుండె బిడ్డా. నువ్వు పోయే బడిల గట్ల ఎంతమంది వెనకాల కూసున్నరో... తెల్వదన్నరని ఒక్కల్ని గూడ ఇడ్సిపెట్టకు."

"ఇడ్సిపెట్టనమ్మా" అంది హిమజ. ఇద్దరూ గేటు వైపు నడిచారు.