ఉతకని చొక్కా

"చచ్చిపోయిందండీ. పాతిపెట్టడానికి కాస్త చోటుంటే చూపిస్తారా?"

తలుపు తీయగానే వినిపించిన మొదటి మాట అది. బయట వాన. గుమ్మంలో రెయిన్‌కోటు వేసుకున్న ఏసీ మెకానిక్. అతని చేతిలో స్క్రూడ్రైవర్లు ఉండాల్సిన డబ్బా. డబ్బాలో, అరచేతిలో పట్టేంత బూడిదరంగు జీవి, ముడుచుకుపోయి.

తలుపు తీసిన అమ్మాయిని ఇంట్లో కుందేలు అంటారు. కాలింగ్ బెల్ మోగినా ఉలిక్కిపడుతుందని పిన్ని పెట్టిన పేరు అది. పిన్ని జంతువుల ఆసుపత్రిలో నర్సు. జనం ముచ్చటపడి కొనుక్కుని, మోజు తీరాక వదిలేసిన షుగర్ గ్లైడర్లను మేడ మీద గదిలో పెట్టి, బాగుచేసి, మంచి ఇళ్ళు చూసి పంపిస్తుంది. అవి ఉడతకి చుట్టాల్లా ఉంటాయి. ముందుకాళ్ళకీ వెనకకాళ్ళకీ మధ్య ఉన్న చర్మాన్ని గొడుగులా విప్పి, ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకి గాల్లో తేలిపోతాయి. కంగారూలాగా పొట్ట మీది సంచిలో పిల్లను పెంచుతాయి. చదువయ్యాక కుందేలు పిన్నికి సాయంగా వచ్చి ఏడాది దాటింది.

ఆ సాయంత్రం పిన్ని ఇంకా ఆసుపత్రిలోనే ఉంది. కిందటి నెల ఒక గ్లైడర్ కుందేలు ఒళ్ళోనే కన్నుమూసింది. అప్పటినుంచి ఏ డబ్బాలోకి తొంగిచూడాలన్నా ఆమెకు గుండె దడే.

"ఎక్కడ దొరికింది?" అంది, చూపు పక్కకు తిప్పుకుని.

"ఖాళీ చేసేసిన ఫ్లాట్‌లోనండీ. ఓనరు సర్వీసింగ్‌కి పిలిస్తే వెళ్ళాను. ఏసీ పదహారు డిగ్రీల్లో నడుస్తూనే ఉంది. దాని కిందే బోను. సామానంతా పట్టుకెళ్ళారు, దీన్ని మాత్రం వదిలేశారు. వాచ్‌మన్ మీ ఇల్లు చెప్పాడు."

కుందేలు కళ్ళు సగం మూసుకుని వేలు చాచింది. మంచులా ఉంది. వేలు వెనక్కి తీసుకోబోతుంటే ఆ జీవి మీసం ఒకటి, ఒకే ఒక్కటి, కదిలింది.

"చావలేదు! చలికి బిగుసుకుపోయింది. మెల్లగా వెచ్చబెట్టాలి."

"అంతేనా! బండిలో వేడిగాలి ఊదే హీట్ గన్ ఉంది, రెండు నిమిషాల్లో..."

"చంపేస్తారా ఏంటి!"

ఆ అరుపుకి అతనికంటే ఆమే ఎక్కువ అదిరిపడింది. గొంతు తగ్గించి, "ఒక్కసారిగా వేడి తగిలితే ప్రాణం పోతుందండీ. మనిషి ఒంటి వేడి కావాలి" అంది.

తనే తీసుకుందామని చేతులు చాచి ఆగిపోయింది. భయం వేస్తే ఆమె చేతులు చల్లబడిపోతాయి. అప్పుడు ఐసుముక్కల్లా ఉన్నాయి.

"మీ చేతులు చూపించండి."

"ఎందుకండీ?"

జవాబు చెప్పకుండా పట్టుకుని చూసింది. వెచ్చగా ఉన్నాయి. ముక్కూ మొహం తెలియని అబ్బాయి చేతులు పట్టుకున్నానని అప్పుడు గుర్తొచ్చింది. చటుక్కున వదిలేసింది.

"కూర్చోండి. దాన్ని చొక్కా లోపల గుండె దగ్గర పెట్టుకోండి. కదలొద్దు. మాట్లాడొద్దు."

"ఊపిరి తీసుకోవచ్చా?"

"మెల్లగా."

గంటసేపు అతను బొమ్మలా కూర్చున్నాడు. ఆమె ఎదురుగా కూర్చుని అతని చొక్కా గుండీలనే చూస్తూ ఉండిపోయింది. పోతుందేమో, ఇది కూడా నా ఎదురుగానే పోతుందేమో అని లోపల ఒకటే మాట తిరుగుతోంది.

"అమ్మా!" అని అరిచాడు ఉన్నట్టుండి. "కరిచిందండీ!"

"కరిచిందా? నిజంగా కరిచిందా?" ఆమె కళ్ళల్లో నీళ్ళు.

"నన్ను కరిస్తే ఇంత సంతోషించిన మనిషిని ఇప్పుడే చూస్తున్నాను."

చొక్కాలోంచి పాత మోటారు స్టార్టవుతున్నట్టు గర్రుమని కూత వచ్చింది. భయపడితే గ్లైడర్లు చేసే చప్పుడు అది. కాసేపటికి అదీ ఆగి, ఆ జీవి అతని ఛాతీ మీదే నిద్రపోయింది.

పిన్ని వచ్చి పరీక్ష చేసింది. వెనకకాళ్ళలో బలం లేదు. ఎవరో ఉత్త బిస్కెట్లు పెట్టి పెంచారు, ఎముకలు గుల్లబారాయి. ఆ పైన పొట్ట సంచిలో చిక్కుడుగింజంత పిల్ల ఉంది.

"రెండు ప్రాణాలున్నాయి" అంది పిన్ని. "నీ చొక్కా ఇక్కడే వదిలి వెళ్ళు బాబూ. వీటికి లోకమంతా వాసనే. నీ వాసన దగ్గరే అది కళ్ళు తెరిచింది."

బనియను మీద రెయిన్‌కోటు తొడుక్కుని వెళ్ళిపోయాడు మెకానిక్. కుందేలు ఆ చొక్కాతో చిన్న సంచీ కుట్టి బోనులో వేలాడదీసింది.

మూడోరోజుకి అతను మళ్ళీ వచ్చాడు.

"మేడమ్ ఎలా ఉన్నారు?"

"పిన్ని ఆసుపత్రికి వెళ్ళిందండీ."

"వాళ్ళు కాదండీ. కరిచిన మేడమ్."

అలా ఆ గ్లైడర్ పేరు మేడమ్ అయిపోయింది. వారానికి రెండుసార్లు వచ్చేవాడు. మేడ మీద గదిలో ఏసీ కొంచెం చప్పుడు చేస్తోందనేవాడు, చూస్తాననేవాడు. దాన్ని విప్పి, తుడిచి, మళ్ళీ బిగించేసరికి మేడమ్ తిండివేళ అయ్యేది. ఉడికిన గుడ్డు, ఆపిల్ ముక్క, పైన చిటికెడు కాల్షియం పొడి.

"ఏసీ చప్పుడు నాకెప్పుడూ వినపడదే?" అనేది పిన్ని.

"ట్రెయినింగ్ అయిన చెవికే వినపడుతుందండీ" అనేవాడు అతను.

కుందేలు తల వంచుకుని నవ్వుకునేది. అతను ఉన్నంతసేపూ పది మాటలు మాట్లాడితే గొప్ప. వెళ్ళాక మాత్రం అనాల్సిన మాటలు వంద గుర్తొచ్చేవి. ఇక రాడేమోనని ప్రతిసారీ భయం వేసేది. బండి చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా కిటికీ దగ్గరే నిలబడేది.

నెల దాటింది. మేడమ్ వెనకకాళ్ళు ఆనించి కొమ్మ ఎక్కుతోంది. పొట్ట మీద ఉబ్బు వేరుశనక్కాయంత అయింది. అప్పుడు ఒక మంగళవారం మెట్ల మీద ఉండగా కుందేలు చెవిన ఆ మాట పడింది.

"వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చిందండీ" అంటున్నాడు అతను పిన్నితో. "బస్సులో నాలుగు గంటలు. మేడమ్‌ని నాతో తీసుకెళ్ళచ్చా?"

"మా పద్ధతి తెలుసుగా. చొక్కా పరీక్ష పాసవ్వాలి."

పద్ధతి ఏమిటంటే, గ్లైడర్ని అడిగినవాళ్ళు మూడురోజులు వేసుకున్న చొక్కాని ఉతక్కుండా ఇవ్వాలి. బోనులోని పాత గుడ్డలన్నీ తీసేసి దాన్ని పెడతారు. అందులో దూరి పడుకుంటే ఒప్పుకున్నట్టు. కూత పెడితే ఆ ఇల్లు కాదన్నట్టు. కిందటి వారం ఎవరో బ్యాంకు ఉద్యోగి ఇచ్చిన చొక్కా మీద మేడమ్ నిలబడి ఉచ్చ పోసింది.

శుక్రవారం అతను కవర్లో చొక్కా పెట్టి ఇచ్చాడు. "ఉద్యోగం కాగితాల పని మీద ఆ ఊరు వెళ్తున్నాను, సోమవారం వస్తాను. మేడమ్‌కి కాస్త సిఫార్సు చేయండి" అని కుందేలు వైపు చూసి నవ్వాడు.

ఆమె నవ్వలేదు. మేడమ్ ఒప్పుకుంటుంది. ఇతను తీసుకెళ్ళిపోతాడు. ఆ తర్వాత ఈ గుమ్మంలోకి రావడానికి ఇతనికి ఏం పని?

పిన్ని డ్యూటీకి వెళ్ళాక కుందేలు కవరు విప్పింది. చొక్కాని సబ్బు పెట్టి ఉతికింది. సరిపోదేమోనని మళ్ళీ ఉతికింది. ఫ్యాను కింద ఆరబెట్టి, నలిపి, అలాగే కవర్లో పెట్టేసింది. దొంగతనం చేసినదానిలా ఒళ్ళంతా చెమట పట్టింది.

శనివారం సాయంత్రం పిన్ని అతని పాత చొక్కా సంచీ తీసి నానబెట్టింది. కొత్త చొక్కా బోనులో పెట్టింది.

మేడమ్ దాన్ని వాసన చూసింది. వెనక్కి గెంతింది. కూత మొదలుపెట్టింది.

"ఇతన్నీ కాదంటోందే!" అని పిన్ని ఆశ్చర్యపోయింది. పాత గుడ్డ ఒకటి వెతికి వేసింది. దాన్నీ ముట్టుకోలేదు మేడమ్. గుడ్డు ముక్క అలాగే ఎండిపోయింది. పొద్దున్న చూస్తే బోను మూల నక్కి తన తోకనే తను కొరుక్కుంటోంది. పొట్ట సంచి చుట్టూ బొచ్చు పీకేసుకుని, చర్మం ఎర్రగా కనబడుతోంది.

పిన్ని మొహం మారిపోయింది. ఆసుపత్రిలో డాక్టరుకి ఫోన్ చేసి మాట్లాడి వచ్చింది. "మరీ బెదిరిపోతే పిల్లని సంచిలోంచి లాగేస్తాయట. ఇంకా కళ్ళు తెరవని పిల్ల, బయటపడితే బతకదు. పొద్దుగూకేలోపు ఇది శాంతించాలి. నాకేం అర్థం కావడం లేదు."

కుందేలుకి అర్థమైంది. బాత్రూంలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఇంతవరకూ తనంతట తనుగా అతనికి ఒక్కసారీ ఫోన్ చేయలేదు. నంబరు నొక్కింది.

"కుందేలు గారా? మీరే ఫోన్ చేశారా? ఆగండి ఆగండి, తేదీ రాసుకుంటాను."

"మీరు ఇప్పుడు వేసుకున్న చొక్కా ఎప్పటిది?"

"ఇదేం ప్రశ్నండీ! నిన్నటిది. స్నానం చేశాను, ఒట్టు."

"దాన్ని ఉతక్కండి. అలాగే బస్సెక్కి వచ్చేయండి. మేడమ్ తన తోక కొరుక్కుంటోంది. పిల్లని లాగేస్తుందేమో. మీరిచ్చిన చొక్కాని నేను... నేనే ఉతికేశాను."

"ఎందుకూ? అంత కంపు కొట్టిందా?"

"లేదు."

"మరి?"

"మేడమ్ ఒప్పుకుంటే మీరు తీసుకెళ్ళిపోతారని."

"మేడమ్‌ని అంతగా వదల్లేకపోతే నాతో ఒక్క మాట..."

"మేడమ్ గురించి కాదు."

అనేసింది. అటువైపు హారన్ మోగింది, ఎవరిదో కేక వినబడింది, లైను తెగిపోయింది. మళ్ళీ చేస్తే స్విచాఫ్.

అతనికి కోపం వచ్చింది. ఇక రాడు. మేడమ్ పిల్ల చచ్చిపోతుంది. చంపింది నేనే.

కళ్ళు తుడుచుకుని వెళ్ళి పిన్ని ముందు నిలబడింది. మొత్తం చెప్పేసింది.

"పేషెంటుకి మందు మార్చి ఇచ్చినట్టు చేశావే" అంది పిన్ని. "తిట్టడం తర్వాత. ముందు బోను మీద దుప్పటి కప్పు, వెలుతురు తగ్గించు. పక్కనే కూర్చో. చప్పుడు చేయకు."

మధ్యాహ్నమంతా అక్కడే కూర్చుంది కుందేలు. దుప్పటి లోపల కొరుకుతున్న చప్పుడు వచ్చినా భయమే, రాకపోయినా భయమే. మూడుసార్లు పిన్ని టార్చి వేసి చూసింది. ప్రతిసారీ కుందేలు కళ్ళు గట్టిగా మూసుకుని, పిన్ని "ఉంది" అనేదాకా తెరవలేదు.

అయిదున్నరకి వాన మొదలైంది. ఆరవుతుండగా బెల్ మోగింది.

గుమ్మంలో అతను. ఒంటి మీద బనియను. నెత్తి నుంచి కాళ్ళ దాకా నీళ్ళు. చొక్కాని మాత్రం రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి, చంకలో గట్టిగా నొక్కిపెట్టుకున్నాడు.

"తడిస్తే వాసన పోతుందని" అన్నాడు రొప్పుతూ. కుందేలు మొహం వైపు చూడకుండానే మెట్లెక్కేశాడు.

పిన్ని చొక్కాని బోనులో పెట్టింది. ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. కూత వచ్చింది. మళ్ళీ వచ్చింది. మూడోసారి మధ్యలోనే ఆగిపోయింది. మేడమ్ మూల నుంచి ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చి, కాలరు వాసన చూసి, చొక్కా చేతిలోకి దూరింది. ఆ చేయి కాసేపు కదిలి ఆగింది.

పిన్ని టార్చి వేసి, పొట్ట నిమిరి చూసింది. "పిల్ల లోపలే ఉంది."

కుందేలు ఉన్నచోటనే నేల మీద కూలబడింది. పిన్ని ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "టవల్ తెస్తాను" అని కిందికి వెళ్ళింది. టవల్ తేవడానికి చాలాసేపే పట్టింది.

"ఫోన్ ఎందుకు కట్టేశారు?" అడిగింది కుందేలు, నేలకేసి చూస్తూ.

"ఛార్జింగ్ అయిపోయింది. మధ్యాహ్నం దాకా బస్సు దొరకలేదు. ఎక్కాక నాలుగు గంటలు ఆ ఒక్క మాట పట్టుకుని కూర్చున్నాను. పక్క సీటాయన ఒంట్లో బాలేదా బాబూ అని రెండుసార్లు అడిగాడు."

"కోపం రాలేదా?"

"వచ్చింది. ఇంకా ఉంది. మేడమ్ ప్రాణం మీదికి తెచ్చారు కదండీ. వెళ్ళొద్దని నన్నే అడగచ్చుగా?"

"అడిగితే కాదంటారేమోనని భయం వేసింది."

"మీకొక్కరికేనా భయం? నిక్షేపంలా ఉన్న ఏసీని వారానికి రెండుసార్లు విప్పి బిగించానండీ. కిందటిసారి ఒక స్క్రూ మిగిలిపోయింది కూడా. జేబులో వేసుకెళ్ళిపోయాను."

కుందేలుకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మేడమ్ నిద్రలేస్తుందని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

అతను ఉద్యోగానికి వెళ్ళాడు. ప్రతి ఆదివారం బస్సులో వచ్చి, వారం రోజుల చొక్కా ఇచ్చి వెళ్ళేవాడు. పిన్ని అన్నట్టుగానే తిట్టింది. పదిహేను రోజులు కుందేలుని బోను తాళం ముట్టుకోనివ్వలేదు. మేడమ్ తోక కొస మీద బొచ్చు మళ్ళీ రాలేదు. దాన్ని చూసినప్పుడల్లా కుందేలు ఆపిల్ ముక్క ఒకటి ఎక్కువ వేసేది. నెలన్నర తర్వాత పిల్ల సంచిలోంచి బయటికొచ్చి తల్లి వీపు మీద కూర్చుంది. ఆడపిల్ల. మరో రెండు నెలలకి సొంతంగా తినడం నేర్చింది.

తల్లీపిల్లల్ని పంపాల్సిన రోజు పిన్ని ఫారం తీసి బల్ల మీద పెట్టింది. అతను పూర్తి చేస్తూ వచ్చి ఒక గడి దగ్గర ఆగిపోయాడు. 'మీతో పాటు వీటిని చూసుకునే రెండో మనిషి ఎవరు?'

"నేనొక్కణ్ణే కదండీ ఉండేది" అన్నాడు.

"అది ఖాళీగా ఉంటే ఇవ్వను. డ్యూటీలో నీకేదైనా అయితే వీటికి దిక్కెవరు?"

అతను కుందేలు వైపు చూసి, మళ్ళీ చూపు దించేసుకున్నాడు. అడగడానికి భయపడుతున్నాడని ఆమెకు తెలిసింది. తనకీ భయంగానే ఉంది. అమ్మానాన్నలు ఏమంటారో, ఆ ఊరు ఎలా ఉంటుందో, కొత్త ఇంట్లో ఈ రెండు ప్రాణాలకి ఏమవుతుందో. ఈ భయాలేవీ రేపటికీ తీరవు.

అతని చేతిలోంచి పెన్ను తీసుకుంది. ఆ గడిలో తన పేరు రాసింది.

పిన్ని కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. "అక్షరాలు వంకర్లు పోయాయి. ఎవరైనా చూస్తే బలవంతంగా రాయించాననుకుంటారు. ఇంకో ఫారం తీసుకుని తిన్నగా రాయి. ఈలోపు నేను అక్కకీ బావగారికీ ఫోన్ చేసి మాట్లాడతాను."

కుందేలు ఇంకో ఫారం తీసుకుంది. ఈసారి అక్షరాలు అంతకంటే వంకరగా వచ్చాయి.

పక్కగదిలోంచి ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని పిన్ని వచ్చి చూసింది. కింద సంతకం పెట్టేసింది.