పైకి చూసిన పిన్నాంబ

పొన్నగిరి రాజ్యానికి ఉన్నది ఒకే ఒక్క కాలువ. పూర్వం రాణి పిన్నాంబ నెత్తిన మట్టితట్ట పెట్టుకుని, జనంతో కలిసి తవ్విన కాలువ అది. కొండమీది ఊటకు కాపలా ఉండే యక్షుడు ఆమె కష్టం చూసి, "నీ ముఖం నాకు కనబడినంత కాలం నీళ్లు వదులుతాను" అని మాట ఇచ్చాడు. రాణి పోయాక ప్రజలు ఆమె తల, భుజాల వరకు చెక్కిన కొయ్యబొమ్మను తూము దగ్గర గూట్లో నిలిపారు. అరచేతిలో ఇమిడేంత చిన్న బొమ్మ.

ఏళ్లు గడిచి బొమ్మ రంగులు వెలిసిపోయాయి. రాజుగారు బొమ్మల తిరుమలయ్యను పిలిచి, "మా ముత్తవ్వ అందంగా ఉండాలయ్యా" అన్నారు. అందం అంటే ఇక తిరుమలయ్య చేయి ఆగుతుందా? పసిమి ఛాయ, చెవులదాకా కళ్లు, దొండపండు పెదవులు దిద్దేశాడు. బొమ్మను గూట్లో పెట్టారో లేదో, కొండ గర్జించింది.

"ఎవరీవిడ? నన్నే మోసం చేస్తారా?"

అంతే, కాలువ ఎండిపోయింది. తిరుమలయ్య చేతులు రెండూ మణికట్ల దాకా రాళ్లయిపోయాయి.

ఆయన కూతురు నాంచారి తండ్రికి అన్నం కలిపి తినిపిస్తుంటే, ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఈ చేతులతో నిన్ను ఎత్తుకు పెంచాను తల్లీ. ఇప్పుడు నీ చేతి ముద్ద తినాల్సొచ్చింది."

"ఊరుకో నాయనా. ఆ రాణిగారి అసలు ముఖం తెలుసుకుని వస్తాను" అంది నాంచారి. బొమ్మ రంగు గీకేసి, దాన్నీ రంగుమట్టి పొడులనూ మూటగట్టుకుని, కొండ దారి పట్టింది.

అడవిలో ముళ్లపొదలో చిక్కుకున్న ఉడుత ఒకటి కిచకిచలాడుతోంది. నాంచారి ముళ్లు విడదీసింది. ఉడుత దులుపుకుని, "ఏం కావాలో కోరుకో పిల్లా" అంది.

"నీ తోక వెంట్రుకలు కాసిని ఇస్తావా? సన్నని కుంచె కట్టుకుంటాను."

"తోకే అడిగావూ! గట్టిదానివే" అని గొణుగుతూ ఇచ్చింది. నాంచారి రెండు చేతులూ జోడించింది. ఉడుత సిగ్గుపడి చెట్టెక్కేసింది.

ఇంకా పైకి పోతే గుహ వాకిట ముసలి రాక్షసి కూర్చుని అవిసెగింజలు నలిపి నూనె తీస్తోంది. "ఒసే! నన్ను చూసి పారిపోవేం?" అని హుంకరించింది.

"పారిపోతే నాయన చేతులు బాగుపడవు అవ్వా. రాణి పిన్నాంబ ఎలా ఉండేదో నీకు తెలుసా?"

రాక్షసి గొంతు మెత్తబడింది. "తెలియకేం? దానితో కలిసి మట్టి మోశాను. ఎండకు కమిలిన నలుపు. గడ్డపార మొన తగిలి ఎడమ కనుబొమ్మ మీద గాటు. తట్ట కింది చుట్టకుదురు ఒరిసి నుదుటి మీద జుట్టు పలచబడింది. నా తట్ట దించినప్పుడల్లా 'చల్లగా ఉండు' అనేది. మళ్లీ నాతో ఆ మాట ఎవరూ అనలేదే."

"చల్లగా ఉండు అవ్వా" అంది నాంచారి, మనసారా.

రాక్షసి ముక్కు చీదుకుని, దొప్పెడు నూనె చేతిలో పెట్టింది. "జిగురులో కలిపిన రంగు ఇట్టే ఆరి, మరి కదలదు. నూనె రంగు తొందరగా ఆరదు. విసుక్కోకు."

విసుక్కోకుండా ఎలా ఉంటుంది? నాంచారి ముదురు రంగు పలచగా పూసి, రోజుల తరబడి ఆరనిచ్చింది. దానిమీద ఎర్రని జేగురు. అది ఆరాక ఎండ పడేచోట, అంటే నుదుటి మీద, ముక్కుదూలం మీద, చెంప ఎముకల మీద లేత రంగు. ఊదినా ఆరదు, తిట్టినా ఆరదు. చివరికి కళ్లు దిద్ది, ఆ రంగు పచ్చిగా ఉండగానే యక్షుడి ముందు నిలబడింది.

"తప్పయితే నీ చేతులూ రాళ్లే" అన్నాడు యక్షుడు. బొమ్మను తేరిపార చూశాడు. "గాటు ఉంది. నలుపూ ఉంది. కానీ పిన్నాంబ కాదు!"

నాంచారి వేళ్లు బిగుసుకోసాగాయి. "స్వామీ, ఒక్కమాట! ఆమె మీతో మాట్లాడేటప్పుడు మీరెక్కడున్నారు?"

"ఇక్కడే, ఈ బండమీద. ఆమె కింద కాలువలో ఉండేది."

అయ్యో! తాను రాణి కళ్లు సభలో కొలువుదీరినప్పటిలా ఎదురుగా చూస్తున్నట్టు దిద్దింది. నీళ్లిచ్చినవాడికి దండం పెట్టే మనిషి తలెత్తి చూడదూ! రంగు ఇంకా పచ్చిగానే ఉంది. బిగుసుకుపోతున్న వేళ్లతో నాంచారి కొంగు కొసకు నూనె అద్ది, కనుపాపలు తుడిచి, పై రెప్పలను తాకేలా వాటిని పైకి జరిపి దిద్దింది. వాటిమీద మెరుపుకు చుక్కంత తెలుపు పెట్టింది.

యక్షుడు బండమీంచి వంగి చూశాడు. "వచ్చావా పిన్నాంబా" అన్నాడు. "అందరూ నీళ్లు అడిగారు, రాలేదని తిట్టారు. ఇలా తలెత్తి చూసింది నువ్వొక్కదానివే."

ఊట బద్దలై దూకింది. నాంచారి వేళ్లు సడలాయి. బొమ్మ పట్టుకుని నీళ్లతో పోటీపడి కిందికి పరుగెత్తింది.

తూము దగ్గర తిరుమలయ్య రాతి చేతులు కాలువలో ముంచి కూర్చున్నాడు. వేళ్లు ఒక్కొక్కటే కదిలాయి. తండ్రీ కూతుళ్లు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు, నవ్వారు. రాజుగారు నాంచారిని ఆస్థాన చిత్రకారిణిని చేస్తానన్నారు. "చిత్తం, కానీ మీ ముత్తవ్వను అందంగా చెయ్యమని మాత్రం అడగకండి" అంది ఆ పిల్ల.

తిరుమలయ్య బొమ్మను గూట్లో నిలిపి, ఆ కళ్లు ఎటు చూస్తున్నాయో చూశాడు. కొండవైపు తిరిగి, కొత్తగా వచ్చిన చేతులు రెండూ జోడించాడు. ఆయన వెనక ఊరంతా తలెత్తింది.